అడుగు తీసిన కుండలు

2021 డిసెంబర్ 5, ఆదివారం. రాయికల్

ఈ డైరీ 2019 నాటిది. షార్జాలో కంపెనీ వాళ్లు అందరికీ తలా ఒకటి ఇచ్చారు. అప్పుడు ఒక్క పేజీ కూడా రాయలేదు. ఇప్పుడు అచ్చు తేదీల మీద గీత కొట్టి రాస్తున్నాను. నా భార్య జ్యోతి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని తొంగి చూసి, ఏం రాస్తున్నవ్, నా మీద చాడీలేనా అని అడిగింది. అవునన్నాను. అయితే మంచిగ రాయి, అక్షరాలు వంకర పోతున్నయ్ అంది.

మా బాపు ఓదెలు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను చెట్టెక్కలేదు, విమానం ఎక్కాను. పదమూడేళ్లు ఏసీ డక్టులు బిగించి కరోనాలో తిరిగొచ్చాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. గాలి ఎటు నుంచి ఎటు పోవాలో నాకు తెలుసు. రాయికల్‌లో ఎవరింట్లో డక్టు ఉంది? మొదటి ఏడాదంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను.

తర్వాత సిలిండర్ ధర మండిపోయింది. జనం మళ్లీ కట్టెల పొయ్యి అంటించారు. పాత ఇళ్లల్లో వంటింటి గోడలోంచి పైకి పోయే పొగగొట్టాలు ఉంటాయి కదా, ఇరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోక అవన్నీ పూడిపోయి ఉన్నాయి. పొయ్యి అంటించగానే పొగంతా ఇంట్లోకే. సిరిసిల్లలో సాంచాలు, అవే మరమగ్గాలు, నడిపే ఒకాయన ఇంట్లో మొదటిది బాగు చేశాను. జగిత్యాలలో మూడు. మసి గీకడం, పావురాల గూళ్లు తీయడం, పగుళ్లు పూడ్చడం. జనం ఇప్పుడు నన్ను చిమ్నీ రవీందర్ అంటున్నారు.

రేపో ఎల్లుండో కోరుట్ల పోవాలి. కిష్టవ్వ అనే ఆమె మెస్ నడుపుతుందట. ఆమె కూతురు సౌమ్య ఫోన్ చేసింది.

డిసెంబర్ 8. కోరుట్ల

పాత పెంకుటిల్లు, ఎనభై ఏళ్లదట. కిష్టవ్వకు యాభై అయిదు ఉంటాయి. రైస్ మిల్లుల్లో పనిచేసే బీహారోళ్లు, హమాలీలు డెబ్బై మంది ఆమె చేతి బువ్వ తింటారు. వడ్లు వచ్చే ఈ రెండు మూడు నెలలే ఆమెకు ఏడాది గ్రాసం. ఒక్క వారం పొయ్యి ఆగితే వాళ్లు వేరే మెస్‌కు పోతరు, పోయినోళ్లు మళ్ల రారు కొడుకా అని ముందే చెప్పింది. అందుకే పొద్దున వంటకూ సాయంత్రం వంటకూ మధ్యలోనే నా పని కానివ్వాలి.

గొట్టం వంటింటి గోడలోంచి లేచి పెంకుల మీద ఇంకో తొమ్మిది అడుగులు నిలబడి ఉంది. పైనుంచి టార్చి వేశాను. ఎర్రమట్టి పెంకు ఒకటి అడ్డంగా పడి ఉంది, దాని మీద పక్షి గూడు. కోతులు ఎవరి కుండో ఎత్తుకొచ్చి పడేశాయనుకున్నాను. మా దగ్గర కోతులు పడేయని వస్తువు లేదు.

కిష్టవ్వ కిందినుంచి ఒక మాట అంది. రాసి పెట్టుకుంటున్నాను. మా అత్త ఉన్నన్నాళ్లు గా గొట్టంల కట్టె పెట్టి పొడవనియ్యకపోతుండె, లోపట ఏమో ఉన్నదనేది, జర పైలం అంది. నేను నవ్వాను. పెద్దమ్మా, షార్జాల నలభై అంతస్తుల బిల్డింగులకు గాలి పెట్టొచ్చిన, గిదెంత అన్నాను.

గడ్డపారతో పొడిచాను. పెంకులు గలగలా కింద పొయ్యిలో పడ్డాయి. పొడిచినకొద్దీ పడ్డాయి. ఎవరో చెత్తంతా ఇందులోనే పోసినట్టుందని తిట్టుకుంటూ, చేతికి అందినంత మేర, ఏడడుగుల లోతు వరకూ పొడిచాను. సౌమ్య రెండు గంపలు ఎత్తి పెరట్లో పోసింది.

డిసెంబర్ 9

పైభాగం లోపలంతా సిమెంటుతో ప్లాస్టర్ చేశాను. నున్నగా, అద్దంలా. దానికి బాపు మోకు తీసుకుపోయాను. తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టు చుట్టూ, నడుము చుట్టూ వేసుకునే తాడు అది. దాన్ని గొట్టం చుట్టూ వేసుకుని వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కంపెనీ సేఫ్టీ బెల్ట్ దాని ముందు దండగ.

బాపును అడగలేదు. పదకొండేళ్లుగా అది మేకుకు వేలాడుతూనే ఉంది. 2010లో ఆయన చెట్టు మీంచి పడ్డాడు. నడుము పోయింది. అప్పుడు నేను షార్జాలో ఉన్నాను. కంపెనీ లీవ్ ఇవ్వలేదు. పద్నాలుగు నెలల తర్వాత వచ్చాను. అప్పటికే ఆయన వెనక వసారాలో మంచం వేసుకుని మాట తగ్గించేశాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ గడప దాటడు. ఆయన కల్లు కుండలు తొమ్మిది ఆ వసారాలోనే దూలానికి వేలాడుతున్నాయి. ఏటా ఎల్లమ్మ పండుగకు దింపి, కడిగి, లోపల సున్నం పూసి, మళ్లీ కట్టేస్తాడు. ఆ కుండల్లో కల్లు పడి పదకొండేళ్లు. మేమెవరం వాటిని ముట్టుకోము.

సాయంత్రం మోకు తెచ్చి మేకుకు తగిలిస్తుంటే చూశాడు. తర్వాత లేచివెళ్లి నేను వేసిన ముడి విప్పి సరిగ్గా వేశాడు.

డిసెంబర్ 12

కిష్టవ్వ ఇంటి పొగ తాడులాగా నిలువునా పోతుందట. బస్సు కండక్టర్‌తో నాకు మటన్ పంపింది. జ్యోతి రెండు ముక్కలు వేసుకుని, ఇంక పది చిమ్నీలు పట్టు అంది.

డిసెంబర్ 17. మధ్యాహ్నం



పొద్దున పదకొండింటికి సౌమ్య ఫోన్. అవ్వ పడిపోయింది, ఇల్లంత పొగ అని ఏడుస్తోంది. బండి మీద పోయేసరికి కిష్టవ్వను బయట అరుగు మీద పడుకోబెట్టారు. కళ్లు తెరిచింది, కానీ ఊపిరి గిలగిలా కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పంపిస్తామన్నారు.

వంటింట్లో పొయ్యి మీద, అన్నం గుండిగలో, నేను పూసిన సిమెంటు. పలక పలకలుగా ఊడి పడింది. ఒక పెద్ద పలక గొట్టం మధ్యలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. పొగ పైకి పోక వెనక్కి తిరిగింది. అన్నం మాడిపోతుందని కిష్టవ్వ గుండిగ దింపడానికి ఆ పొగలోకే పోయిందట.

ఏసీ డక్టులో గాలి చల్లగా ఉంటుంది. వేడికి సిమెంటు ఏమవుతుందో నేను ఆలోచించనే లేదు. నలభై అంతస్తులు అని ఎందుకు కూశానో.

ఆసుపత్రిలో ఆమె నా చేయి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. డెబ్బై మంది పగటి బువ్వకు ఏం తిన్నరో కొడుకా అని అడిగింది.

డిసెంబర్ 18. కోరుట్ల

ఈ రోజు చూసింది చూసినట్టు రాయాలి.

మోకు వేసుకుని పైకెక్కి ఇరుక్కున్న సిమెంటు పలకను ముక్కలు చేసి తీశాను. తర్వాత గొట్టం తలను కొంత విప్పి, ఫోనుకు తాడు కట్టి, లైటు వేసి, వీడియో ఆన్ చేసి లోపలికి దింపాను. నేను పొడిచిన ఏడడుగులూ దాటి కిందికి పోయింది. పైకి లాగి, గొట్టం మీదే కూర్చుని చూశాను.

కుండలు.

ఒకదాని మీద ఒకటి. ప్రతి కుండకూ అడుగు లేదు. గుండ్రంగా తీసేశారు. ప్రతి కుండా బోర్లించి ఉంది, పై కుండ మూతి కింది కుండ అడుగులోకి దిగి కూర్చుంది. అట్లా పొయ్యి దాకా పదకొండు, ఒక్కోటి అడుగు ఎత్తు. కుండలకూ ఇటుక గోడకూ మధ్య సందులో బూడిద నింపారు. లోపల తెల్లగా సున్నం, దాని మీద మసి పట్టీ పట్టనట్టు నల్లటి నీడ. ఎనభై ఏళ్ల పొగ పోయిన దారి అది. ఒక్క పగులు లేదు.

చాలాసేపు దిగలేదు. కింద సౌమ్య ఏమైంది అన్నా అని పిలుస్తూనే ఉంది.

నాకు అర్థమైనంత రాస్తాను. కుండకు కుండ అతికించలేదు, ఊరికే కూర్చోబెట్టారు. వేడికి ప్రతి కుండా తనంత తాను పెరగడానికి చోటుంది. అందుకే పగల్లేదు. బూడిద వేడిని గోడకు పోనివ్వదు. బోర్లించడం ఎందుకో మొదట తెలియలేదు. తర్వాత తట్టింది. వానాకాలం గొట్టంలో పడ్డ నీళ్లు, మసి జిడ్డు, మూతిలోంచి జారి కింది కుండ లోపలికే పడతాయి, బయట బూడిదలోకి పోవు. మేం షార్జాలో హోటల్ కిచెన్ డక్టులకు అచ్చం ఇట్లాగే జాయింట్ పెడతాం. ఇంజినీర్ డ్రాయింగ్ ఇస్తాడు, ఇంకొకడు చెక్ చేస్తాడు, మూడోవాడు సంతకం పెడతాడు. కోరుట్లలో ఎవరో ఒక మేస్త్రి, డ్రాయింగు లేదు, పేరు లేదు, కల్లు కుండలతో చేసి పెట్టి వెళ్లిపోయాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడంటారు. ఆ తన్ను నాకు ఇవాళ సరిగ్గా నెత్తి మీద తగిలింది.

పైన పగిలి ఉన్నది ఒక్క కుండ. ఆ ఒక్కటి మార్చి ఉంటే అయిపోయేది. నేను దానితో పాటు దాని కింది ఆరింటినీ పొడిచి చంపాను.

డిసెంబర్ 19

కిష్టవ్వకు జరిగిందంతా చెప్పాను. అత్త గట్ల ఎందుకు అనేదో నేనూ ఎన్నడు అడగలె అంది.

డిసెంబర్ 21. సిరిసిల్ల నుంచి వచ్చాక

ఏడు కుండలు కావాలి. ప్రపంచంలో ఏడు కుండలు దొరకవు.

కోరుట్లలో కుమ్మరాయన ఇప్పుడు ప్రమిదలూ, పూల తొట్లూ చేస్తున్నాడు. జగిత్యాలలో ఎండాకాలం అమ్మే మట్టి బాటిళ్లు చూపించారు, నల్లా బిగించినవి. సిరిసిల్లలో ఒక ముసలాయన, శంకరయ్య, నా ఫోనులో వీడియో మూడుసార్లు చూశాడు. మూడోసారి చేతులు జోడించాడు. గసొంటి కుండ చెయ్యాల్నంటె చెరువు మన్ను వేరే, సారె తిప్పుడు వేరే, కాల్చుడు వేరే, ఇప్పుడు నా చేతుల గంత బలం లేదు బిడ్డా అన్నాడు. కొత్త కుండ పెడితే మొదటి మంటకే పటేల్మంటదట. ఏళ్లకేళ్లు ఎండల, కల్లుల, సున్నంల నానిన కుండే నిలవడతదట.

ఎండలో, కల్లులో, సున్నంలో నానిన కుండలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. రోజూ వాటి కిందే పళ్లు తోముకుంటున్నాను.

డిసెంబర్ 22

సౌమ్య పెరట్లో పోసిన పెంకులు గంపలో తెచ్చుకున్నాను. కొన్నిటి భుజం మీద గీతలు గీసి ఉన్నాయి. బాపుకు చూపించాలనిపించింది. కుండలు అడగడానికి కాదు. అడగలేను.

ఆయన మంచం మీద కూర్చుని పెంకులు ఒడిలో పెట్టుకున్నాడు. గీతల మీద వేలు పెట్టి తడిమాడు. కల్లు అమ్మే మండువ కాడ కుండలు కలిసిపోకుండ ఎవని గుర్తు వాడు పెట్టుకుంటడు అన్నాడు. తర్వాత చదవడం మొదలుపెట్టాడు. నేను ఉత్తరం చదివినట్టు ఆయన పెంకు చదివాడు. ఇది బీర్‌పూరోళ్లది. ఇది గూడ గా దిక్కుదే, గని వీడు ఎడమ చేతోడు, గీత ఎటు వాలిందో సూడు. ఇది వీర్నపల్లి, గింత దూరం ఎట్ల అచ్చిందో. పదకొండేళ్లలో ఆయన నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. జ్యోతి చాట పక్కన పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది.

మన తాతది ఉందేమోనని అడిగాను. ఉండాలని ఎంత కోరుకున్నానో. ఒక్కొక్క పెంకూ మళ్లీ తిప్పి చూసి, లేదు, మనది లేదు అన్నాడు.

తర్వాత చెప్పాడు. కరువులొచ్చినప్పుడు గీతగాళ్లు చెట్టు దిగి బొంబాయి పోయేవాళ్లట. చెట్టు ఇడిచి పోయెటోడు తన కుండను తన చేతుల పగలగొట్టద్దు, అది పీనుగ ఎల్లినప్పటి పని, ఎవలికన్న ఇచ్చి పోవాలె అన్నాడు. ఎవరో మేస్త్రి అవన్నీ తీసుకున్నట్టున్నాడు.

అంటే ఆ గొట్టంలో ఉన్న ప్రతి కుండా ఊరు విడిచిన ఒక మనిషి. ఒకరి మీద ఒకరు, పద్దెనిమిది మంది. మా ఊళ్ల వాళ్లు బస్సెక్కిపోయాక కూడా ఒక ఇంటి పొగను మోస్తూ నిలబడ్డారు. నేను పొడిచింది మట్టిని కాదు.

డిసెంబర్ 24

కిష్టవ్వ పెరట్లో టార్పాలిన్ కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుతోంది. గాలికి మంట నిలవదు, అన్నం ఒకవైపు పలుకు. డెబ్బై మందిలో ఇరవై అయిదు మంది పోయారు. బస్టాండు దగ్గర కొత్త మెస్ పెట్టారట. సౌమ్య నాతో మాట్లాడటం మానేసింది, సామాను మాత్రం అందిస్తోంది. కిష్టవ్వ దగ్గుతూ దగ్గుతూనే వడ్డించింది. ఇంకో వారం గిట్లనే ఉంటె ఇగ పొయ్యిల నీళ్లు పోసుడే అంది. నవ్వుతూనే అంది.

ఏజెంట్ మెసేజ్ పెట్టాడు. అదే షార్జా, అదే డక్టు పని. జనవరి రెండో వారంలో ఫ్లైట్. ఇట్లా ఆమె పొయ్యి ఆర్పేసి విమానం ఎక్కుతానా?

డిసెంబర్ 25

బాపును అడుగుతానన్నాను. జ్యోతి వద్దంది. ఆయనకు ఉన్నయే గవి, నువ్వు అడిగితె కాదనడు, గందుకే అడగకు అంది. ఆమె అన్నది నిజం. అడగలేదు.

డిసెంబర్ 26. ఆదివారం

పొద్దున లేచేసరికి దూలానికి కుండలు లేవు.

వసారాలో నేల మీద గోనెసంచి పరిచి తొమ్మిదింటినీ వరసగా పెట్టుకుని బాపు కూర్చున్నాడు. ఎట్లా దింపాడో తెలియదు. నడుము వంగని మనిషి. జ్యోతినే అడిగాను, నాకేం తెల్వది అంది. ఆమె కళ్లు చూస్తే తెలిసిపోయింది. పెంకులు చూసిన దగ్గర్నుంచి బాపే ఆమెను గుచ్చి గుచ్చి అడుగుతున్నాడట, గా కోరుట్ల ముసలామె ఎట్లున్నది, పొయ్యి ఎలుగుతుందా అని. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నన్ను చూసి, చెరువు ఇసుక కావాలె, తడిది, జల్దీ తే అన్నాడు. అంతే. నేను ఏదో అనబోయాను. పద్నాలుగు నెలల సంగతి, రాలేకపోయిన సంగతి, ఎన్నేళ్లుగానో గొంతులో ఉన్నది. ఇసుక అన్నాడు మళ్లీ.

తెచ్చాను. కుండలో తడి ఇసుక కూరి కూరి నింపాడు. బోర్లించి, అడుగు మీద మేకుతో గుండ్రంగా గీత గీశాడు. దాని మీదే మళ్లీ మళ్లీ గీశాడు, పది సార్లు, ఇరవై సార్లు. అప్పుడు చిన్న గులకరాయి తీసుకుని గీత వెంబడి చుట్టూ కొట్టడం మొదలుపెట్టాడు. పసిపిల్ల వీపు తట్టినంత మెల్లగా. చుట్టూ, చుట్టూ. బాపూ, నీ కుండ నీ చేతులతోని పగలగొట్టద్దన్నవ్ కదా అన్నాను, ఉండబట్టలేక.

రాయి ఆపలేదు. పగలగొట్టుడు వేరు, అడుగు తీసుడు వేరు అన్నాడు. పగలగొడితె పెంకైతది, అడుగు తీస్తె దారైతది. ఇచ్చుడు గూడ ఇచ్చినట్టే. పదకొండేండ్ల సంది ఎవలికియ్యాల్నో తెలువక ఉంచిన అన్నాడు.

టక్కుమని గుండ్రటి అడుగు ఊడి ఇసుక మీద కూర్చుంది. రొట్టెలాగా. అంచు ఎక్కడా చిట్లలేదు. ఆ వేళ్లు వణికే వేళ్లు, అన్నం ముద్ద కూడా సరిగ్గా పట్టవు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

డిసెంబర్ 27

నిన్న నాలుగు, ఇవాళ నాలుగు. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. అది ఉండనీ అన్నాడు. ప్రతి కుండ భుజం మీదా మా గుర్తుంది, మూడు గీతలు, పక్కన చుక్క. ఇన్నేళ్లూ వాటి కింద తిరిగాను, ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

సున్నంలో బెల్లం నీళ్లు కలిపాము. ఎంత కలపాలో బాపు నాలుక మీద వేసుకుని చెప్పాడు.

డిసెంబర్ 29. కోరుట్ల

బాపు కోరుట్ల వచ్చాడు. గడప దాటాడు, ఆటో ఎక్కాడు, రాయికల్ దాటాడు. దారంతా తాటిచెట్లు లెక్కపెడుతున్నట్టు బయటికే చూశాడు. కుండలను గడ్డిలో చుట్టి ఒళ్లో రెండు, కాళ్ల మధ్య మిగిలినవి.

నేను మోకు వేసుకుని పైన. గొట్టం ఒక పక్క ఇటుకలు తీసి, ఒక్కో కుండా కూర్చోబెట్టి, చుట్టూ బూడిద దట్టించి, ఇటుక మూసుకుంటూ పైకి పోవాలి. బాపు కింద పెరట్లో కుర్చీలో, కళ్లు మూసుకుని. ప్రతి కుండనూ పెట్టే ముందు వేలితో కొట్టమన్నాడు. నేను పైన కొడతాను, ఆయన కింద వింటాడు. ఊ అంటే పెడతాను.

మూడు పెట్టాక నాలుగోదాన్ని కొట్టాను. నాకు అన్నీ ఒకే మోత. ఆయన చెయ్యెత్తాడు. దించు, దానికి ఎంట్రుక వాసి పగులున్నది అన్నాడు. దించి నీళ్లలో ముంచి చూస్తే మెడ కింద సన్నటి గీత తడిసి నల్లగా కనిపించింది. పెంకుల కప్పు మీంచి, కోతులు అరుస్తుంటే, పక్కింట్లో టీవీ మోగుతుంటే, విన్నాడు. కిష్టవ్వ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మీ బాపు మనిషేనా కొడుకా అంది.

ఏడూ కూర్చున్నాయి. ఆరు కుండలు ఆ పాత పదకొండింటి మీద నిలబడ్డాయి, ఏడోది అన్నిటికంటే పైన, ఆకాశం కిందికి.

డిసెంబర్ 31. పొద్దున

సున్నం ఒకరోజు ఆరింది. ఇవాళ పొద్దున ఆరింటికి కిష్టవ్వ పొయ్యికి బొట్టు పెట్టి, ముట్టించమని బాపు చేతికే అగ్గిపెట్టె ఇచ్చింది. మొదట సన్నటి మంట, చింతపుల్లలు. తర్వాత మొద్దులు.

పొగ ఒక్కసారి వంటింట్లోకి తల పెట్టి చూసింది. అందరం గుమ్మం దాకా వెనక్కి జరిగాము. సౌమ్య తల్లి చెయ్యి పట్టుకుంది. తర్వాత ఎవరో పిలిచినట్టు అది వెనక్కి తిరిగి గొట్టంలోకి పోయింది. గొట్టం లోపలినుంచి చిన్న మోత. కుండల్లో గాలి ఊదినట్టు, చాలామంది ఒకేసారి మెల్లగా ఊఁ అన్నట్టు. సిమెంటు ఉన్నప్పుడు అది లేదు. కిష్టవ్వ చెవి పెట్టి, గిదీ, నేను కోడలిగ అచ్చినప్పుడు గిట్లనే అనేది, మధ్యల ఎప్పుడు ఆగిందో గూడ తెల్వది అంది.

బయటికి వచ్చి చూశాము. మంచు పట్టిన ఆకాశంలోకి తెల్లటి పొగ నిలువునా పోతోంది. బాపు కర్ర మీద రెండు చేతులూ పెట్టి, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశాడు. చెట్టు తల చూసేవాడిలా. ఇప్పుడు అండ్ల మనది ఉన్నది అన్నాడు.

ఎనిమిదింటికి మిల్లు వాళ్లు నలుగురు పొగ చూసి వచ్చారు. చావల్ పక్‌గయా క్యా అంటూ అన్నం అయిందా అని అడిగారు. కిష్టవ్వ వాళ్లను తిడుతూ విస్తళ్లు వేసింది.

జనవరి 6

యాభై రెండు మంది అయ్యారట. సౌమ్య ఫోన్ చేసి చెప్పింది. అన్నా అని పిలిచింది.

జనవరి 11. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్

పోతున్నాను. ఒక చిమ్నీతో ఇల్లు గడవదు. జ్యోతి వద్దనలేదు, పొమ్మనలేదు. బీడీ కట్టలు కట్టే దారంతో నా బ్యాగు జిప్పు కట్టింది.

బాపును పొయ్యొస్త అన్నాను. నీ కుండ ఎవలికిస్తున్నవ్ అని అడిగాడు. నాకు కుండ లేదు బాపూ అన్నాను. నా ఫోన్ నంబరున్న కార్డులు, చిమ్నీ రవీందర్ అని జగిత్యాలలో కొట్టించినవి, ఒక కట్ట మిగిలి ఉన్నాయి. అవీ, నా సిమ్మూ ఆయన చేతిలో పెట్టాను. నవ్వులాటకే ఇచ్చాను. ఆయన కండువాలో ముడేసుకున్నాడు.

ఫిబ్రవరి 20. షార్జా, లంచ్ బ్రేక్

జ్యోతి వాయిస్ మెసేజ్. బాపు ఇంట్లో లేడట. ఆయన వాడుతున్న నా సిమ్‌కు సిరిసిల్ల నుంచి ఎవరిదో ఫోన్ వచ్చిందట, పొగ ఎనకకు కొడుతున్నదని. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని, మిగిలిన ఆ ఒక్క కుండ చంకన పెట్టుకుని బస్సెక్కాడట.

కుండకు గూడ సీటు కావాల్నని కండక్టర్‌తోని కొట్లాడుతున్నడట.